ఏడో లెక్క తెగిన నాడు

కర్నూలు,
12 జూన్ 1959

పూజ్యులైన మామగారికి బసవన్న నమస్కరించి వ్రాయునది.

నేను క్షేమం. బెంగళూరులో లెక్కల లెక్చరర్లకు పెట్టిన వేసవి తరగతులు ముగించుకొని మొన్ననే మళ్లీ కాలేజీకి వచ్చాను. అక్కడ అమెరికా నుంచి కొత్తగా దిగిన ఒక ఆచార్యుడు వింత పాఠం చెప్పాడు. అందులో అంకెలు తక్కువ, గుర్తుల వరుసలు ఎక్కువ. వింటున్నంతసేపూ మీరే గుర్తుకొచ్చారు.

ఒక యంత్రం ఉందనుకోండి. దానికి కొన్ని గడులు. ఒక్కో శబ్దం వినపడినప్పుడల్లా అది తానున్న గడిలోంచి బాణం గుర్తు చూపిన గడిలోకి పోతుంది. శబ్దాలన్నీ అయిపోయాక జంటగీత గీసిన గడిలో నిలబడి ఉంటే ఆ వరుస 'సరి' అని అర్థం. వేరే గడిలో ఉంటే 'తప్పు'. తాను ఏ గడిలో ఉందో తప్ప దానికి ఇంకేమీ గుర్తుండదు. ఏ రకం వరుసలకు ఏ యంత్రం గీయాలన్నదే లెక్క.

గురులఘువుల వరుసలు మీకు ఉగ్గుపాలతో వచ్చాయి. అష్టావధానాలు చేసినవారు. మీకు పొద్దుపోతుందని ఏడు అభ్యాసపు లెక్కలు తెలుగు చేసి పంపుతున్నాను. కాగితానికి రెండు వైపులా రాశాను.

ఇంకొక మాట. మొన్న కోడుమూరు పోతే అమ్మ నన్ను కూచోబెట్టి అడిగింది. "మా తమ్ముడు రత్నమణిని నాకు కోడలిగా ఇస్తానని అది తొట్టిలో ఉన్నప్పుడే అన్న్యాడు. ఆ పిల్ల ఎస్సెస్సెల్సీ గూడా పాసాయ. ఇంగా ఏం చూస్తాండాడంట?" అంది. శ్రావణంలో ముహూర్తాలు ఉన్నాయట. మీ అభిప్రాయం తెలుపగలరు.

ఇట్లు,
మీ మేనల్లుడు
బసవన్న


కడప,
22 జూన్ 1959

చిరంజీవి బసవన్నకు రామలింగప్ప ఆశీర్వదించి వ్రాయునది.

నీ జాబు చేరింది. నేనూ, మీ అత్త సుబ్బక్కా, రత్నమణీ కుశలం. ఎండలు తగ్గలేదు. బడి తెరిచారు కాని పిల్లలకు విభక్తులు తెరుచుకోలేదు.

నీ యంత్రం కరెంటుతో నడుస్తుందా, బొగ్గుతోనా అని మొదట అనుమానపడ్డాను. రెండోసారి చదివితే కాగితపు యంత్రమని బోధపడింది. మొదటి లెక్క, 'గంట సరిసంఖ్యలో మోగితేనే సరి అనే యంత్రం', భోజనానికి కూచున్నప్పుడు చూశాను. చారు వచ్చేలోపల విస్తరాకు మీద గోటితో రెండు గడులు గీసి ముగించాను. మీ అత్త, "ఆకు చీల్చినావు, చారు యాడ పోసేది?" అని విసుక్కుంది. విద్య విలువ అందరికీ తెలియదు.

ఒక సందేహం. అసలు గంటే మోగలేదనుకో. అప్పుడు యంత్రం సరి అనాలా, తప్పు అనాలా? ఇది తేల్చకుండా రెండో లెక్క ముట్టను. వెంటనే వ్రాయునది.

మీ అమ్మకు నా నమస్కారాలు. ఆమె అడిగిన విషయం తరువాత ఆలోచిద్దాం.

ఇట్లు,
రామలింగప్ప, తెలుగు పండితుడు


కర్నూలు,
1 జులై 1959

పూజ్యులైన మామగారికి నమస్కారాలు.

సున్న సరిసంఖ్యే కనుక గంట మోగకపోయినా యంత్రం సరి అనే అంటుంది. మౌనం కూడా ఒక వరుసే అని మా ఆచార్యుడు పాఠమంతా చెప్పాడు. మీ ప్రశ్న మా తరగతిలో నలభై మంది లెక్చరర్లలో ఒక్కరికీ తోచలేదు.

మౌనాన్ని యంత్రం ఒప్పుకుంటుంది కాని మామా, అమ్మ ఒప్పుకోవడం లేదు. మీ ఉత్తరం చదివి వినిపిస్తే, "తరవాత అంటే ఎప్పుడు? ఈ తరవాత, ఈ తరవాత అనే నా పెండ్లి గూడా మూడేండ్లు జరిపినారు మా వాళ్లు" అంది. శ్రావణం సంగతి ఒక్క ముక్క రాయండి చాలు. హోటలు కూడు తినలేక చస్తున్నాను. అది మీరు పట్టించుకోనక్కరలేదు, ఊరికే రాస్తున్నాను.

మీ
బసవన్న


కడప,
28 జులై 1959

చిరంజీవి బసవన్నకు ఆశీస్సులు.

ఆరు లెక్కలు అయిపోయాయి. ఆరు! చప్పట్లు రెండు వెంటవెంటనే రాకూడదన్న లెక్క పిల్లలాట. కాని ఆరోది, కందపద్యం నడకను పరీక్షించే యంత్రం, అది నువ్వు నాకోసం చేర్చావని గ్రహించాను. బేసిగణం జగణం కారాదు, ఆరో గణం నలమో జగణమో కావాలి, అన్నిటికీ బాణాలు వేశాను. గోడంత పటం అయింది. బడిలో నల్లబల్ల మీద గీసి, హెడ్మాస్టరు ఇన్‌స్పెక్టరుకు రాసిన స్వాగతపద్యం అందులో నడిపించాను. యంత్రం ఆరో గణం దగ్గర నిలబడిపోయింది. హెడ్మాస్టరు మూడు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. శాస్త్రానికి బంధుప్రీతి ఉండదు కదా.

ఇంట్లో ఇంకో చిక్కు. నేను 'యంత్రం గీస్తున్నా' అనడం పక్కింటి ఈరక్క విన్నది. మరునాడు పొద్దున్నే రాగిరేకు పట్టుకొని వాకిట్లో నిలబడింది. "సామీ, మా బర్రె పాలు ఎగ్గొడతాండాది. ఒక యంత్రం గీసియ్యి, మెడకు కడతా" అని కాళ్లు పట్టుకుంది. ఇది ఆ యంత్రం కాదని గంటసేపు చెప్పాను. నమ్మలేదు. చివరికి గంటలు సరిసంఖ్యలో మోగే యంత్రం గీసి ఇచ్చి పంపాను. ఇప్పుడు బర్రె పాలిస్తోందట. వీధిలో మరో నలుగురు రేకులు తెచ్చారు.

ఇక నువ్వు అడిగిన విషయం. మొన్న ప్రొద్దుటూరు నుంచి జవుళి దుకాణం వాళ్లు తిమ్మయ్య అనే కుర్రవాడికి రత్నమణిని అడగడానికి వచ్చారు. మన కులపెద్దలు కూడా ఉన్నారు. అప్పుడు నీ పక్షం వహించి, పంచాంగం మీద చేయి వేసి అందరి ముందూ ఇట్లా అన్నాను: "మా పిల్ల మా అక్క కొడుకుకే. ఏడు లెక్కల్లో ఆరు తెగినాయి. ఏడోది తెగిన నాడే ముహూర్తం." సంతోషించావు కదా? ఏడోది చూశాను. 'కొన్ని గంటలు మోగుతాయి, ఆపైన చప్పట్లు పడతాయి. గంటలెన్నో చప్పట్లూ అన్నే అయితే సరి అనే యంత్రం.' ఇది ఒక్క పూట పని.

ఇట్లు,
రామలింగప్ప


కర్నూలు,
3 ఆగస్టు 1959

మామా,

ఎంత పని చేశారు!

ఏడో లెక్కకు యంత్రం లేదు. ఉండదు. ఎవరూ గీయలేరు. కాగితం తిప్పి చూడండి. 'ఇటువంటి యంత్రం సాధ్యమా? కాకపోతే ఎందుకు కాదో నిరూపించండి' అని వెనకవైపు మొదటి వాక్యం. ప్రశ్న పూర్తిగా చదివి కాని జవాబు మొదలుపెట్టవద్దని చిన్నప్పుడు నా చెవి మెలిపెట్టి నేర్పింది మీరే.

దయచేసి పెద్దలను మళ్లీ పిలిపించి ఆ మాట సవరించండి. 'ఆరు లెక్కలు తెగిన నాడు' అంటే చాలు. అవి తెగే ఉన్నాయి.

కంగారుతో,
బసవన్న


కడప,
14 ఆగస్టు 1959

బసవన్నకు రామలింగప్ప వ్రాయునది.

కాగితం తిప్పడానికి వీలు లేదు. మైదాపిండి గంజి పెట్టి గోడకు అంటించాను. పీకితే సున్నం ఊడుతుంది. మీ అత్త ఉగాదికే సున్నం కొట్టించింది.

వెనకవైపు ఏమున్నా నాకు అనవసరం. అసాధ్యం అనే మాట నీ నోట వినడం విచారంగా ఉంది. అవధానంలో ఘంటాగణనం అంటే ఏమిటనుకున్నావు? ఒకడు సమస్య ఇస్తాడు, ఒకడు దత్తపది ఇస్తాడు, ఒకడు ఊసుపోని ముచ్చట్లతో చంపుతాడు. ఆ సందడిలో ఎప్పుడో ఒకసారి టంగుమని గంట కొడతారు. చివర లెక్క చెప్పాలి. జమ్మలమడుగులో, ఆదోనిలో, ఆలూరులో ఒక్క గంట తప్పని వాణ్ణి. నేను చేసే పని నా యంత్రం చేయదా?

ఇరవై నాలుగు గడులతో ఒకటి సిద్ధం చేశాను. పన్నెండు గంటల దాకా అద్భుతంగా పనిచేస్తోంది. పదమూడు కొడితే తికమక పడుతోంది. ఇంకొన్ని గడులు చేర్చాలి, అంతే.

శ్రావణం సరిపోదు. కార్తీకం చూద్దాం.

రామలింగప్ప


కర్నూలు,
5 సెప్టెంబరు 1959

పూజ్యులైన మామగారికి,

మీ జ్ఞాపకశక్తిని శంకించేటంత మూర్ఖుణ్ణి కాను. మీకు మనసు ఉంది. యంత్రానికి గడులు మాత్రమే ఉన్నాయి. మీరు ఎన్ని గడులు గీస్తే అన్ని, అంతకు మించి ఒక్కటి లేదు. గంటలకు మాత్రం అంతు లేదు. ఇరవై నాలుగు గీస్తే పదమూడు దగ్గర చెడింది. నూరు గీస్తే ఇంకెక్కడో చెడుతుంది.

మొన్న ఆదివారం కోడుమూరులో అమ్మకు ఇదంతా చెప్పాను. మగ్గం గుంటలో నుంచి కాళ్లు పైకి తీయకుండానే విని, "గడులంట, గంటలంట! వానికి పిల్లను ఇయ్యను మనసు లేకుంటే లేదని చెప్పమను. నడమ ఈ చప్పట్లు ఎవురికప్పా?" అంది. తర్వాత కళ్లొత్తుకుంది. అది రాయకూడదనుకున్నాను, రాసేశాను.

మామా, మీకు ఇష్టం లేదా? ఒక్క మాట చెప్పండి. యంత్రం సంగతి కాదు.

బసవన్న


కడప,
2 అక్టోబరు 1959

చిరంజీవి బసవన్నకు,

నలభై గడులు అయ్యాయి. మధ్యలో ఒక ఉపాయం తోచింది. వివరాలు తరువాత. మీ అమ్మను ఊరికే కళ్లొత్తుకోవద్దని చెప్పు. చిన్నప్పటి నుంచీ ఆమె తీరు అంతే.

రామలింగప్ప


కడప,
19 అక్టోబరు 1959

బసవన్నా, నేను మీ అత్త సుబ్బక్క చెప్తాండా. రాసేది రత్నమణి. మీ మామ బడికి పోయినాడు.

నాయనా, నువ్వు పంపిన ఆ కాగితంతో ఈ ఇంట్లో మనిషి బతకలేకుండా ఉండాడు. నడవ గోడ అయిపాయ, దేవుని గది గోడ అయిపాయ. ఇప్పుడు వంటింటి గోడ మీదికి వచ్చినాడు. బొగ్గుతో నూటపన్నెండు సున్నలు. (నూటపద్దెనిమిది బావా. అమ్మ పొద్దున లెక్కపెట్టింది, మధ్యాహ్నం నాయన భోజనానికి వచ్చి ఆరు గీశారు.) నిద్దర లేదు, తిండి మీద ద్యాస లేదు. సన్నగా పొన్నుకర్ర మాదిరి అయినాడు. యంత్రాల కోసం వచ్చే జనం వేరే. నిన్న ఒగామె కొడుకు పరీచ్ఛ పాసు కావల్లని వచ్చె. ఆ పిలగాడు మీ మామ క్లాసులోనే ఉండాడు!

నాకు సదువు రాకపోయినా కండ్లు ఉండాయి కదప్పా. దినాము బడి నుంచి రాంగానే "రత్నా, రా" అంటాడు. తండ్రీ కూతురూ గోడ ముందర కూచుంటారు. ఆయప్ప గీస్తాడు, ఇది తప్పు చెప్తాది. నవ్వుకుంటారు. దీపం పెట్టినా లేవరు. ఈ పిల్ల పుట్టినప్పుడు మొగపిల్లోడు కాదని మా అత్త మొగం ముడుచుకుంటే, "నాకు అవధానంలో గంట కొట్టను ఒకరు గావల్ల, ఇదే సాలు" అన్న్యాడు ఆయప్ప. ఇది పోతే ఆ గోడ ముందర ఎవురు కూచుంటారు? నేను కూచుంటానా? నాకు సున్నకూ దోసెకూ తేడా తెలీదు. ఆయప్పకు పెండ్లి చేయాలని ఉండాది. చేయబుద్ది కాలేదు. అది నోట రాక గోడలు నలుపు చేస్తాండాడు. (బావా, ఇది అమ్మతో రెండుసార్లు చెప్పించుకొని రాశాను.)

ప్రొద్దుటూరు వాళ్లు మల్లా కబురు పంపినారు. కులపెద్దలు గూడా "లెక్క తెగలేదంటే మాట లేనట్టే" అని గొణుగుతాండారు. ఏదన్నా చెయ్యి.

ఇంతే సంగతులు.

(ఇది అమ్మ చెప్పింది కాదు, నేను రాస్తున్నాను. ఏడో లెక్క కుదరదని నాకు ఆషాఢంలోనే తెలిసింది. నాయనతో అనలేదు. అంటే ఆ సాయంత్రాలు అయిపోతాయి. ప్రొద్దుటూరు తిమ్మయ్య మాత్రం నాకు వద్దు. దుకాణంలో చీర చూపిస్తూ మూడుసార్లు ఒకే మాట అన్నాడు. ఏమి చేయమంటావు? - ర.)


కర్నూలు,
26 అక్టోబరు 1959

అత్తకు నమస్కారాలు.

మీ మాటలన్నీ అర్థమైనాయి. మామ మీద నాకు కోపం పోయింది. ఉన్నది సిగ్గు. ఇన్నాళ్లూ పెండ్లి ఎప్పుడని అడిగానే కాని, ఆ పెండ్లి తరువాత ఆయన సాయంత్రాలు ఎట్లా గడుస్తాయని ఒక్కసారి అనుకోలేదు. నేను ఏది రాసినా ఆయనకు సవాలుగానే ఉంటుంది. ఇక రాయను.

అత్త జాబు రాసిన చేతికి: మా ఆచార్యుడు ఒక మాట అనేవాడు. యంత్రం అర్థం కావాలంటే గీయడం ఆపి, నువ్వే యంత్రంగా నిలబడి చూడు, అని. మామ కాగితం మీద ఓడిపోరు. నేల మీద నిలబెడితే ఏమో. చేస్తావో మానుతావో నీ ఇష్టం. ఆయన సాయంత్రాలు పోతాయనుకుంటే మానెయ్యి. నేను ఆగుతాను. హోటలు కూడు అలవాటైంది.

బసవన్న


కడప,
18 నవంబరు 1959

చిరంజీవి బసవన్నకు రామలింగప్ప ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న జరిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఎవరో ఒకరు నీకు రాస్తారు. ఈ వీధిలో అందరూ చూశారు.

సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి రత్నమణి ఇంటి ముందు నేల మీద సుద్దతో ఏడు గడులు గీసి కూచుంది. "నాయనా, గోడలు సాలు. ఈరోజు నువ్వే యంత్రం. నేను గంట. ఏడు గడులతోనే ఆడదాం" అంది. మనసులో లెక్కపెట్టకూడదట. యంత్రానికి మనసు లేదు కదా. అందుకని గెంతుతున్నంతసేపూ "రామః రామౌ రామాః" అని శబ్దమంజరి పైకి చదవాలట. ఒప్పుకున్నాను. అవధానికి ఇదొక లెక్కా?

పంచె ఎగగట్టి గడప దగ్గర నిలబడ్డాను. రత్నమణి గరిటెతో ఇత్తడి చెంబు మీద కొట్టింది. టంగు, మొదటి గడి. టంగు, రెండో గడి. రామం రామౌ రామాన్. ఏడో గంటకు ఏడో గడిలో ఉన్నాను. ఎనిమిదోసారి కొట్టింది. ఎక్కడికి పోను? కొత్త గడి లేదు. గాలిలో ఒక కాలు ఎత్తి నిలబడ్డాను. "యంత్రం ఆగగూడదు నాయనా, ఏదో ఒక గడిలోకి పోవల్ల" అంది. వెనక్కు తిరిగి మూడో గడిలోకి దూకాను.

అప్పటికి వీధంతా పోగైంది. మా క్లాసు పిల్లలు అరుగుల మీద ఎక్కారు. హెడ్మాస్టరు సైకిలు దిగి నిలబడి, ఇన్నాళ్ల తర్వాత మొదటిసారి నన్ను చూసి నవ్వాడు. నేను పంచె ఎగగట్టి సంస్కృతం అరుస్తూ గెంతడం చూసి ఈరక్క, "సామికి పూనినాదే!" అని కేక వేసి లోపలికి పరుగెత్తింది. వేపమండలు తెచ్చి నా నెత్తిన విదిలించింది. ఎవరో నా కాళ్ల దగ్గర టెంకాయ కొట్టారు. "పలుకు సామీ, వాన ఎప్పుడు?" అని ఒకడు అడిగాడు.

ఆ గోలలో రత్నమణి నిదానంగా నా దగ్గరికి వచ్చి, "నాయనా, ఈ గడిలో నిలబడుకొని చెప్పు. నువ్వు వినింది మూడు గంటలా, ఎనిమిదా?" అంది.

వంగి కాళ్ల కింది గడి చూశాను. మూడు గంటలు విన్నా ఈ గడే. ఎనిమిది విన్నా ఈ గడే. ఇక్కడి నుంచి మూడు చప్పట్లు పడితే యంత్రం సరి అనాలి, మూడు విన్నదాని కోసం. కాని ఎనిమిది విన్నదానికీ అదే సరి అంటుంది. దానికి తెలిసే దారి లేదు. "ఇంకొన్ని గడులు గీస్తే?" అన్నాను. "నూరు గియ్యి నాయనా, నూటొగటి కొడతా. నాకు చెయ్యి నొప్పి పుడతాది, అంతే" అంది.

బసవన్నా, నేలన కూలబడ్డాను. వేపాకులు, టెంకాయ నీళ్లు, ఆ మూడో గడిలోనే. జనం దేవుడు దిగిపోయాడనుకొని ఇళ్లకు వెళ్లారు.

"ఇది నీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగాను. "ఆషాఢంలో" అంది. "మరి నాతో ఎందుకు అనలేదే?" అన్నాను. "నీతో కూచునేది బాగుండె నాయనా" అంది. తల వంచుకొని గరిటెతో నేల గీకుతూ ఉంది.

నీ ఉత్తరాలు వచ్చినప్పుడల్లా పెండ్లి మాట చదివి, లెక్క మాటకు జవాబు రాశాను. అది నాకు తెలిసే రాశాను. ఇక చాలు. మీ అమ్మ దగ్గరికి నేనే కోడుమూరు వస్తాను. ఆమె తిట్టాలనుకున్నది మొత్తం తిట్టనీ. అడ్డం చెప్పను.

ఈ పొద్దున్నే కులపెద్దలను పిలిపించాను. "లెక్క తెగలేదు కదా పండితా, ముహూర్తం ఎట్లా పెడతావు?" అని ఒకాయన లేచాడు. "తెగింది. కుందేటికి కొమ్ము ఉందా అని ఎవరైనా అడిగితే, లేదని తేల్చి చెప్పడమూ జవాబే. కొమ్ము మొలిచేదాకా ఆగమనేవాడు పండితుడు కాదు" అన్నాను. అందరూ తల ఊపారు. ఎందరికి అర్థమైందో తెలియదు. మార్గశిర శుద్ధ పంచమి, శుక్రవారం ఉదయం ముహూర్తం. ప్రొద్దుటూరు వాళ్లకు కబురు పంపాను.

రత్నమణిని కర్నూలులో కాలేజీలో చేర్పించు. ఇది కోరిక కాదు, మామగా ఆజ్ఞ. లెక్కల్లోనే చేర్పించు. నీకంటే బాగా చెబుతుందని నీకూ తెలిసిందే కదా. సెలవుల్లో ఇద్దరూ ఇక్కడికే రావాలి. మీ అత్తకు దోసెకూ సున్నకూ తేడా నేర్పుతున్నాను. నిన్న మొదటి లెక్క చెప్పాను. విని, "గంట మోగకపోతే గుడి తెరవలేదని అర్థం. దానికి సరేంది, తప్పేంది?" అంది. ఇదీ ఒక పాఠమే అనిపించింది.

ఇప్పుడు మీ అత్త వీధిలో ఆ గడుల మీద పేడనీళ్లు చల్లి, పెండ్లి ముగ్గు ఎట్లా వేయాలో వేసి చూస్తోంది. అరుగు మీద కూచొని ఈ ఉత్తరం రాస్తున్న నన్ను చూసి, ముగ్గు పిండి చేతిని నా వైపు చాచి ఇప్పుడే కేక వేసింది: "ఇగో, దీంట్లో గాని కాలు పెట్టినావంటే, పిల్లను నీ బదులు మా అన్న చేత ధార పోయిస్తా!"

అరుగు దిగడానికి వీలు లేక, ఈ కమ్మను పోస్టులో వేయమని రత్నమణి చేతికి ఇస్తున్నాను.

ఇట్లు,
రామలింగప్ప